ఖరగ్‌పూర్ లెక్కల్లో మన ముత్తాత

ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్ళలో ముత్తాత గురించి మిగిలింది చాలావరకు ఒక్క మాటే: "రైల్వేలో పని దొరికి ఇటు వచ్చేశాడట." ఏ ఏడు వచ్చాడు, ఏ ఊరు వదిలాడు, ఏ పనిలో చేరాడు అని అడిగితే పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పదేళ్ళకోసారి ప్రభుత్వం ఇంటింటికీ తిరిగి మనుషుల్ని లెక్కపెట్టింది కదా, ఆ లెక్కల్లో అతను దొరకడా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్ దానికి పెద్ద జంక్షన్ అయింది. హౌరా, నాగపూర్, మద్రాసు దారులు అక్కడ కలిశాయి. వర్క్‌షాపు వచ్చింది, క్వార్టర్లు లేచాయి. ఆ పనులకు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగువాళ్ళు కుటుంబాలతో తరలివెళ్ళారు. 1927లో అక్కడి కార్మికులు సమ్మె చేసినప్పుడు వారికి అండగా నిలిచిన వి.వి. గిరి కూడా గంజాం జిల్లా బరంపురం మనిషే.

మన ముత్తాత 1901 మార్చి 1 రాత్రికే అక్కడ ఉండి ఉంటే, ఎన్యూమరేటరు అతని గుమ్మం దగ్గరికి వచ్చి ఉంటాడు. పేరు, మతం, వయసు, పెళ్ళి, కులం, వృత్తి, పుట్టిన జిల్లా, మాట్లాడే భాష, చదువు, ఇంగ్లీషు వచ్చా రాదా అన్నీ అడిగి రాసుకొని ఉంటాడు. వయసు తెలియనివాళ్ళు ముప్పై అనో నలభై అనో చెప్పేవారు. అందుకే పాత లెక్కల్లో సున్నాతో, ఐదుతో ముగిసే వయసులవాళ్ళు విపరీతంగా కనిపిస్తారు. ఇంటి ఆడవాళ్ళ పేరు చెప్పడానికి మగవాళ్ళు అభ్యంతరపడితే "స్త్రీ" అని రాసి ఊరుకోవచ్చని సూచనలు ఉండేవి. అలా మన ముత్తవ్వల్లో కొందరు ఆ కాగితం మీద కూడా పేరు లేకుండానే లెక్కకెక్కారు.

ఆ కాగితాలు ఈరోజు లేవు. 1901 నుంచి ఒక్కో మనిషి వివరాలను ఒక్కో చీటీ మీదికి ఎక్కించి, చీటీలను కుప్పలుగా వేరుచేసి, కుప్పలను లెక్కపెట్టి పట్టికలు కట్టారు. పట్టికలు అచ్చయ్యాక ఫారాలను నాశనం చేయడమే పద్ధతి. స్వాతంత్ర్యం వచ్చాక 1948 నాటి జనగణన చట్టం వ్యక్తుల వివరాలను గోప్యం చేసింది. ఇంగ్లండులో 1921 నాటి ఫారాలను నూరేళ్ళు నిండాక తెరిచారు. అమెరికాలో 72 ఏళ్ళకు తెరుస్తారు. అక్కడి కూలివాడి మునిమనుమడు తాత పేరును, వీధిని వేలితో తాకి చూపగలడు. మనకు ఆ భాగ్యం లేదు. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చిన విధికుడనే చర్మకారుడి పేరు, తల్లితో భార్యతో పిల్లలతో సహా, దాదాపు రెండు వేల ఏళ్ళుగా రాతి మీద ఉంది. నూరేళ్ళ కిందట పట్టాలు వేసిన మనవాడి పేరును మాత్రం కాగితం నిలుపుకోలేదు.

పేరు పోయినా జాడ పోలేదు. జిల్లావారీ జన్మస్థలాల పట్టికలో, బెంగాల్ భాషల పట్టికలో తెలుగు అన్న వరుసలో, రైల్వే పనివాళ్ళ అంకెలో అతను ఒకడు. ఒక దశాబ్దం పట్టికను తర్వాతి దశాబ్దం పట్టిక పక్కన పెడితే వలస ఎప్పుడు ఉధృతమైందో, ఆడవాళ్ళు ఎప్పుడు వెంట వచ్చారో తెలుస్తుంది. అయితే పాత జిల్లాల పేర్లతోనే వెతకాలి. శ్రీకాకుళం అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు విశాఖపట్నంలో కలిసింది, 1950లో సొంత జిల్లా అయింది. విజయనగరం జిల్లా 1979లో గాని రాలేదు.

కులం గడి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్ళు "పంచములం కాము, ఆది ఆంధ్రులం" అన్నారు. కాబట్టి తండ్రి ఒక పేరు కింద, కొడుకు మరో పేరు కింద లెక్కకెక్కి ఉండవచ్చు. అది గుమాస్తా పొరపాటు కానక్కర్లేదు, కొడుకు తలెత్తి చెప్పుకున్న మాట కావచ్చు. అన్ని కులాలనూ లెక్కించి పట్టికలు వేయడం 1931తో ఆగిపోయింది.

మతం గడి కూడా అంతే. మహారాష్ట్రలో 1951లో బౌద్ధులు సుమారు రెండున్నర వేలమంది. 1956లో నాగపూర్ దీక్ష జరిగింది. 1961లో అదే అంకె దాదాపు 28 లక్షలు. ఆ అంకెలో చేరినవాళ్ళు మాత్రం 1990లో చట్టం మారేదాకా షెడ్యూల్డ్ కులాల లెక్కలో లేరు. ఒక గడిలో తమ మాట నిలబెట్టుకున్నందుకు ఇంకో గడిలో కనపడకుండాపోయారు.

పేరే కావాలంటే వేరే కాగితాలు వెతకాలి. రైల్వే సర్వీసు రిజిస్టరు, ప్రావిడెంట్ ఫండు కాగితం, పింఛను పుస్తకం, బడి అడ్మిషన్ రిజిస్టరు, 1951-52 ఎన్నికల నాటి నుంచి ఓటర్ల జాబితాలు, సొంతూళ్ళో భూమి రికార్డులు. బెంగాలీలో మన 'వ'కు సరైన అక్షరం లేదు. వెంకటస్వామి 'బ' కింద గాని 'భ' కింద గాని దొరుకుతాడు. ఇంటిపేరు ఉండాల్సిన చోట ఒట్టి 'రావు' ఉండవచ్చు. ఇవి తెలియకపోతే ఎదురుగా ఉన్న తాతను కూడా దాటిపోతాం.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును రాష్ట్ర అధికార భాషల్లో చేర్చాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్‌లో ఇంతమంది తెలుగువాళ్ళు ఉండటమే దానికి బలం. తరతరాలుగా భాష గడిలో "తెలుగు" అని చెప్పిన పేరులేని మనుషుల మాట అది. రాబోయే లెక్కలకు 2027 మార్చి 1 ప్రమాణం, ఈసారి కులాన్నీ అడుగుతారు. ఎన్యూమరేటరు మన గుమ్మం దగ్గరికి వచ్చేలోపు, ఇంట్లో ఉన్న ముసలివాళ్ళను కూర్చోబెట్టి ఊరు, ఇంటిపేరు, షాపు, క్వార్టరు అడిగి ఒక నోటుపుస్తకంలో రాసుకుందాం. ముత్తవ్వ పేరుతో మొదలుపెడదాం.