శిశువుల కారు సీటు

కారులో పసిబిడ్డల రక్షణకు వాహన సీటు మీద బిగించి వాడే ప్రత్యేక ఆసనం. పసిబిడ్డకు ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ, మెడ లేత. అందుకే బిడ్డ ముఖం కారు వెనుక వైపు ఉండేలా దీన్ని అమరుస్తారు. కారు ఎదురుగా దేన్నైనా గుద్దుకున్నప్పుడు ఆ విసురు మెడ ఒక్కదాని మీదే పడకుండా వీపంతా పరుచుకుంటుంది. ఐక్యరాజ్యసమితి ఆర్129 నిబంధన ప్రకారం తయారైన సీట్లలో 15 నెలలు దాటేవరకు ఇలాగే కూర్చోబెట్టాలి. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో మాత్రం ఈ తీరున ఎప్పుడూ పెట్టకూడదు.

కొనేటప్పుడు ధర కన్నా, మన కారులో అది కదలకుండా బిగుస్తుందా అన్నదే ముఖ్యం. కారులో దీన్ని నేరుగా తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలుంటే పని తేలిక; లేకపోతే సీటు బెల్టుతో బిగించే రకం చూసుకోవాలి. భుజం దగ్గర పట్టీ వేళ్లతో మడత పెట్టలేనంత బిగువుగా ఉండాలి. బిడ్డతో సహా ఎత్తుకెళ్లే రకం సౌకర్యమే గానీ, ఆ బరువు బాలింతకు భారం. ప్రమాదంలో దెబ్బతిన్న పాత సీటు ఊరికే ఇచ్చినా వద్దు.

మన దగ్గర బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవడమే అలవాటు. గుద్దుకున్న క్షణంలో ఏ చేతి పట్టూ ఆగదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళ్తే 1,000 రూపాయల జరిమానా.