నాడి అందని వ్యాధి – గోదావరి బిడ్డ మందు

వైద్యుడు రోగి దగ్గర కూర్చుండగానే మణికట్టు పట్టి నాడి చూచుట మన దేశములో అనాదిగా వచ్చుచున్న ఆచారము. మనిషి నడుచుచు, మాటలాడుచునే ఉండగా ఆ నాడి చేతికి తగలకపోతే? అట్టి వింత వ్యాధి ఒకటి కలదు. అరుదైనదే అయినను ఆసియా ఖండములో, ముఖ్యముగా నలువది ఏండ్లలోపు స్త్రీలలో, ఇది హెచ్చుగా కనిపించును.

1908లో జపాను నేత్రవైద్యుడు మికితో తకయాసు, 21 ఏండ్ల యువతి కంటిలోపల రక్తనాళములు దండవలె చుట్టుకొని యుండుటను వైద్యుల సభలో వివరించినాడు. ఒనిషి, కాగోషిమా అను మరి ఇద్దరు వైద్యులు, అట్టి కన్నులుగల తమ రోగులకు మణికట్టువద్ద నాడి అందలేదని తెలిపినారు. వ్యాధికి తకయాసు పేరే నిలిచినది.

దీని మూలము కంటిలో లేదు; గుండెనుండి బయలుదేరు బృహద్ధమనిలోను, దాని పెద్ద కొమ్మలలోను ఉన్నది. శరీరమును కాపాడవలసిన కణములే ఆ నాళముల గోడలపై దాడి చేయును. దీనినే శోథ అందురు. కాలువగట్టు లోపలికి పెరిగితే శివారు చేలకు నీరు అందనట్లే, గోడ దళసరియై దారి ఇరుకైనప్పుడు అవతలి అవయవములకు రక్తము చాలదు. చేయి త్వరగా అలసిపోవును, తల తిరుగును, ఒక్కొక్కప్పుడు పక్షవాతము వచ్చును. కొన్నిచోట్ల గోడ బలహీనపడి ఉబ్బును.

మన దేశపు రోగులలో కడుపులోని బృహద్ధమని, మూత్రపిండముల ధమనులు తరచు ఇరుకగును. అప్పుడు రక్తపు పోటు హెచ్చును. ఇందులో ఒక మోసము కలదు. ఇరుకైన ధమనిగల చేతిపై కొలిచినచో పోటు తక్కువగా కనిపించును. లోపల గుండె మాత్రము బరువు మోయుచునే ఉండును. కనుకనే రెండు చేతులలోను, కాళ్ళలోను కొలిచి చూడవలెను.

ఈ శోథను అణచుటకు నేడు వాడు మందులలో ఒకదాని చరిత్ర గోదావరి డెల్టాతో ముడిపడి ఉన్నది. 1895 జనవరి 12న భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు రాజమహేంద్రవరములోను, మద్రాసులోను చదివి, అమెరికా వెళ్ళి హార్వర్డులో పరిశోధనలు చేసినారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరినారు. ఆయన అన్నగారిని బలిగొన్నది స్ప్రూ అను జీర్ణవ్యాధి. దానికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లమును ఆయన బృందము 1945లో కృత్రిమముగా తయారుచేసినది.

కణములు వృద్ధిపొందుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దానిని పోలియుండి దాని పనికి అడ్డుపడు పదార్థములను కూడ ఆ బృందమే తయారుచేసినది. వాటిలో అమినోప్టెరిన్ ఒకటి. దానితో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త కాన్సరును తాత్కాలికముగా తగ్గించి, 1948లో ప్రకటించినాడు. దాని తోబుట్టువే మెతోట్రెక్సేట్. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావుగారు 53వ ఏట కన్నుమూసినారు.

తరువాతి కథ ఆయన చూడలేదు. 1951లో గబ్నర్, ఆయన సహచరులు అమినోప్టెరిన్ కీళ్ళవాతమును తగ్గించునని గమనించినారు. 1988లో అమెరికా ప్రభుత్వము కీళ్ళవాతమునకు మెతోట్రెక్సేట్‌ను ఆమోదించినది. 1994లో అమెరికా వైద్యులు తకయాసు రోగులకు స్టిరాయిడ్లతోపాటు దీనిని ఇచ్చిన ఫలితములు వెల్లడించినారు: గమనించిన 16 మందిలో 13 మందికి వ్యాధి అణగినది. స్టిరాయిడ్లు తగ్గించినప్పుడు కొందరికి తిరుగబెట్టినది. కనుక ఇది వ్యాధిని అదుపులో ఉంచు సాధనమేగాని, సమూలముగా తీసివేయు మందు కాదు.

కాన్సరుకు పెద్ద మోతాదు. ఇక్కడ చిన్న మోతాదు, అదియు వారమునకు ఒక్కమారే. పొరపాటున ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. గర్భిణులు వాడరాదు; రోగులలో అధికులు యువతులే గనుక ఈ హెచ్చరిక మరీ ముఖ్యము. మందువలన కలుగు బాధలు తగ్గుటకు వైద్యులు తోడుగా ఫోలిక్ ఆమ్లపు మాత్ర ఇత్తురు. అడ్డుపడునది, ఆదుకొనునది – రెండును భీమవరపు శాస్త్రజ్ఞుడు నడిపిన ప్రయోగశాలనుండి వెలువడినవే.