బీడా.. బీలా? స్థలం తేల్చే పరీక్షలివి

సోంపేట: శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రాంతంలో ఏటా నీరు నిలిచే పల్లపు నేలను బీల అంటారు. చేపల వేటకు, పశువుల మేతకు, చుట్టుపక్కల పొలాలకు అదే ఆధారం. ఆ నేలలో నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని తలపెట్టినప్పుడు స్థలాన్ని బంజరుగా చూపారు. 2009లో పర్యావరణ అనుమతి లభించింది. 2010 జులై 14న ఆందోళనకారులపై పోలీసులు జరిపిన కాల్పుల్లో ఇద్దరు మరణించారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. నేల స్వభావాన్ని ముందే సక్రమంగా తేల్చి ఉంటే వ్యవహారం అంతదూరం వచ్చేది కాదు.

ఇటువంటి ప్రాజెక్టులకు 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరి. అయితే వర్షాకాలం మినహా ఏదైనా ఒక రుతువులో సేకరించిన వివరాలతో నివేదిక రూపొందించడం వాడుకలో ఉంది. చిక్కంతా ఇక్కడే. బీలను మే నెలలో చూస్తే పగుళ్లిచ్చిన బీడుగానే కనిపిస్తుంది.

వేసవిలోనూ చెరగని ఆనవాళ్లు మట్టిలో ఉంటాయి. మూరెడు లోతున గొయ్యి తీస్తే, ఏటా నెలల తరబడి నీట మునిగే నేల బూడిదరంగులో ఉండి, నడుమ తుప్పురంగు మచ్చలు కనిపిస్తాయి. పైన మొక్క ఎండినా తుంగగడ్డలు లోపల బతికే ఉంటాయి. తుంగ, జమ్ము, కలువ వంటివి ఎక్కడెక్కడ ఎంత ఒత్తుగా ఉన్నాయో కొలతగీసిన గళ్లలో లెక్కించాలి. గడ్డి జాతులకు మీటరు చదరం, చెట్లకు పది మీటర్ల చదరం గళ్లను సాధారణంగా తీసుకుంటారు. వానలు కురిశాక మరోమారు లెక్కించనిదే ఈ జాబితా పూర్తికాదు.

భూగర్భజలాల విషయంలో బావులే సాక్షులు. వానలకు ముందు, తర్వాత నీటిమట్టం కొలవాలి. కనీసం మూడు బావుల మట్టాలను సముద్రమట్టంతో సరిపోల్చితే నీరు ఏ దిక్కుకు ప్రవహిస్తున్నదో తెలుస్తుంది. పునాదుల కోసం ఊటనీటిని రేయింబవళ్లు తోడితే చుట్టుపక్కల బావులు అడుగంటుతాయి. తీరప్రాంతంలో ఉప్పునీరు లోపలికి చొరబడే ముప్పు కూడా ఉంది. అందువల్ల క్లోరైడుల పరీక్ష విస్మరించరాదు.

రెవెన్యూ దస్త్రంలో బంజరు అని రాసినంత మాత్రాన అది చిత్తడి నేల కాకుండా పోదు. అయితే 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు వరి పొలాలను, ఉప్పు మడులను, సాగునీటి కోసం తవ్విన చెరువులను మినహాయించాయి. సహజంగా ఏర్పడిన పల్లమా, తవ్వినదా అన్నది అందుకే కీలకం.

బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక ముసాయిదాను కలెక్టర్, జిల్లా పరిషత్ కార్యాలయాల్లో అందుబాటులో ఉంచాలి. దాని సారాంశం తెలుగులోనూ ఉండాలి. నీటిమట్టాలు ఏ నెలలో కొలిచారు, మొక్కలను ఏ నెలలో లెక్కించారు అన్న రెండు పేజీలు తప్పక చూడాలి. భవన నిర్మాణాలకు, టౌన్‌షిప్‌లకు మాత్రం ఈ విచారణ నుంచి మినహాయింపు ఉంది.