‘కారణం’ అన్న మాట: అమెరికా వాణిజ్య సర్దుబాటు సహాయంలో కార్మికుల అర్హత (1962–2022)

దిగుమతుల తాకిడికి పని కోల్పోయిన కార్మికుణ్ణి ప్రభుత్వం ఆదుకోవాలన్న ఆలోచన అమెరికాలో 1950ల నాటిది. ఉక్కు కార్మికుల సంఘాధ్యక్షుడు డేవిడ్ మెక్‌డొనాల్డ్ రాండల్ కమిషన్ సభ్యునిగా 1954లో దీనిని ప్రతిపాదించగా, అధికసంఖ్యాకులు అంగీకరించలేదు. సుంకాల తగ్గింపు దేశానికంతటికీ మేలు చేస్తున్నప్పుడు దాని నష్టాన్ని కొందరు శ్రామికులే భరించడం అన్యాయమన్నది ఈ ప్రతిపాదనకు ఆధారమైన తర్కం. కెన్నెడీ హయాంలో 1962 వాణిజ్య విస్తరణ చట్టం దానికి శాసనరూపమిచ్చింది. ఈ పథకాన్ని గురించిన చర్చ ఎక్కువగా వ్యయం చుట్టూ, శిక్షణ ఫలితాల చుట్టూ సాగింది. అర్హతను నిర్ణయించిన పదజాలానికి అంతటి ప్రాధాన్యం దక్కలేదు. ఎవరికి సహాయం అందిందన్నది మాత్రం ప్రధానంగా ఆ పదాల మీదనే ఆధారపడింది.

1962 చట్టం రెండు మెట్లు ఎక్కమన్నది. దిగుమతుల పెరుగుదలకు సుంకపు రాయితీలే ప్రధాన కారణమని మొదట తేలాలి. ఆ దిగుమతులే నిరుద్యోగానికి ప్రధాన కారణమని పిదప తేలాలి. ఒక కర్మాగారం మూతపడటానికి పాతబడిన యంత్రాలు, మారిన అభిరుచులు, యాజమాన్య లోపాలు, దిగుమతులు కలగలిసి కారణమవుతాయి. వాటిలో ఒకదానిని విడదీసి ‘ఇదే ప్రధానం’ అని సుంకాల కమిషన్ ఎదుట నిరూపించడం కార్మికులకు సాధ్యపడలేదు. 1969 నవంబరు వరకు ఒక్క అర్జీ కూడా నెగ్గలేదు. ఏడేండ్లపాటు చట్టం ఉన్నది, లబ్ధిదారుడు లేడు!

1974 వాణిజ్య చట్టం సుంకపు రాయితీలతో ముడిని తెంచివేసింది. విచారణ బాధ్యతను కార్మికశాఖకు అప్పగించింది. ముగ్గురు కార్మికులు కలిసినా, వారి సంఘమైనా అర్జీ పెట్టుకోవచ్చునన్నది. దిగుమతులు ఉద్వాసనకు ‘ముఖ్యంగా దోహదం’ చేస్తే చాలు. ఆ కారణం ముఖ్యమైనదై ఉండాలేగాని, తక్కిన కారణాలను మించనక్కరలేదని చట్టమే నిర్వచించింది. సహాయపు ద్వారం తెరచినది ఈ చిన్న సడలింపే.

దీని ప్రభావం 1980లో స్పష్టంగా కనబడుతుంది. జపాను కార్ల దిగుమతుల నుండి రక్షణ కోరుతూ కార్ల కార్మికుల సంఘమూ, ఫోర్డు సంస్థా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌ను ఆశ్రయించాయి. అక్కడి ప్రమాణం వేరు: దిగుమతులు మరే ఇతర కారణానికీ తీసిపోనివై ఉండాలి. ఆర్థికమాంద్యం అంతకన్న పెద్ద కారణమంటూ కమిషన్ ఆ నవంబరులో 3–2 ఆధిక్యంతో కాదన్నది. అదే కాలంలో అవే దిగుమతుల పేరిట కార్మికశాఖ వేలాది కార్ల కార్మికులకు అర్హత ధ్రువీకరించింది. సంఘటన ఒక్కటే, ప్రమాణం మారగానే కారణం మారింది. వ్యయం పెరగడంతో 1981లో రీగన్ ప్రభుత్వం భృతిని నిరుద్యోగ బీమా స్థాయికి కుదించి, ఆ బీమా గడువు ముగిసిన తరువాతనే చెల్లించేటట్లు చేసింది.

తరువాతి వివాదం ‘వస్తువు’ అన్న పదం మీద. కార్మికులు ఒక వస్తువును ఉత్పత్తి చేసినవారై ఉండాలన్నది నియమం. సాఫ్ట్‌వేర్ నిపుణులు అర్జీ పెట్టినప్పుడు, డిస్కు వంటి భౌతిక రూపం లేని ప్రోగ్రాము వస్తువు కాదని కార్మికశాఖ వాదించింది. కావ్యవస్తువు, కథావస్తువు అనే ప్రయోగాలకు అలవాటుపడిన మనకు స్పర్శకందని వస్తువు వింతగా తోచదు. ఆ శాఖకు మాత్రం అది అంగీకరించడానికి న్యాయస్థానపు ఒత్తిడి అవసరమైంది. 2006లో శాఖ వైఖరి మార్చుకున్నది. మరొక చిక్కు మిగిలింది. 2002 సవరణ ప్రకారం ఉత్పత్తి తరలిపోవడం ఒక్కటే అర్హతకు చాలాలంటే, అది అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందమో, నిర్దిష్ట వాణిజ్య రాయితీలో ఉన్న దేశానికి తరలాలి. భారతదేశానికి అటువంటి ఒప్పందం లేదు. కనుక హైదరాబాదు వంటి నగరాలకు పని తరలినచోట దిగుమతుల పెరుగుదలను కూడా చూపవలసివచ్చింది. 2009 సవరణ సేవారంగాన్ని చేర్చి, దేశాల పరిమితిని తొలగించింది.

ఈ విస్తృతార్థం కూడా గడువుకు లోబడినదే. పలుమార్లు కుదింపు, పొడిగింపుల అనంతరం 2021 జులై 1న అర్హత మళ్ళీ ఇరుకైంది; సేవారంగ కార్మికులు వెలుపల నిలిచారు. 2022 జులై 1 నుండి కొత్త ధ్రువీకరణలకు అధికారమే లేకుండాపోయింది. అంతకుముందు ధ్రువీకరణ పొందినవారికి ప్రయోజనాలు కొనసాగాయి. అప్పటికి విచారణలో ఉన్న అర్జీలు తీర్పు లేకుండానే నిలిచిపోయాయి.