రిపబ్లిక్ మూసిన నోరు

1932 మే 10. బెర్లిన్ టేగెల్ జైలు గేటు ముందు రచయితలు, వకీళ్లు, పాత్రికేయులు గుమిగూడారు. వాళ్లు సాగనంపడానికి వచ్చింది కార్ల్ ఫాన్ ఒసియెట్‌స్కీని, 'డీ వెల్ట్‌బ్యూనె' వారపత్రిక సంపాదకుణ్ణి. మిత్రుల దగ్గర సెలవు తీసుకుని ఆయన లోపలికి వెళ్లారు. అప్పటికి హిట్లర్ ఇంకా గద్దెనెక్కలేదు. ఆయన్ను జైలుకు పంపింది ఎన్నికలూ పార్లమెంటూ రాజ్యాంగమూ ఉన్న వైమార్ రిపబ్లిక్కే.

ఆయన చేసిన నేరం ఒక వ్యాసం అచ్చువేయడం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వెర్సాయ్ ఒప్పందం ప్రకారం జర్మనీకి యుద్ధ విమానాలు ఉండకూడదు. సైన్యం చాటుమాటుగా వాటిని సిద్ధం చేయిస్తోందని 1929 మార్చిలో వాల్టర్ క్రైజర్ ఆ పత్రికలో బయటపెట్టారు. 1931 నవంబరులో లైప్‌జిగ్‌లోని అత్యున్నత న్యాయస్థానం తలుపులు మూసుకుని విచారించి, సైనిక రహస్యాలు వెల్లడించారంటూ ఇద్దరికీ 18 నెలల జైలు వేసింది. క్రైజర్ ఫ్రాన్స్ వెళ్లిపోయారు. ఒసియెట్‌స్కీ కదల్లేదు. సరిహద్దు దాటినవాడి మాట సొంత గడ్డ మీద చెల్లదని ఆయన నమ్మకం.

క్రిస్మస్ క్షమాభిక్షతో బయటికొచ్చి మళ్లీ కలం పట్టారు. ఈలోగా హిట్లర్ గద్దెనెక్కాడు. రెండు నెలలు గడిచాయో లేదో, 1933 ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం రైక్‌స్టాగ్ తగలబడింది. తెల్లారేసరికి పోలీసులు ఆయన్ను పట్టుకుపోయారు. నాజీలకు కొత్త నింద వెతుక్కునే పని కూడా లేకపోయింది. దేశద్రోహి అన్న ముద్ర రిపబ్లిక్ కోర్టే ముందుగా వేసిపెట్టింది. టేగెల్ గడప తొక్కిన రోజుకు సరిగ్గా ఏడాదికి, బెర్లిన్ నడిబొడ్డున విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆయన పేరు చదివి మరీ పుస్తకాలను మంటల్లో వేశారు. చదువుకున్నవాళ్లే ఆ పని చేశారు!

సోనెన్‌బుర్గ్, ఆ తర్వాత ఎస్టర్‌వేగెన్ నిర్బంధ శిబిరం. చిత్తడి నేలల్లో వెట్టిచాకిరీ. 1935లో రెడ్‌క్రాస్ ప్రతినిధి కార్ల్ బుర్క్‌హార్ట్ వెళ్లి చూస్తే, ముఖంలో నెత్తురుచుక్క లేక, ఒక కన్ను వాచి, పళ్లు రాలి, సరిగా అతకని కాలు ఈడ్చుకుంటూ వణుకుతున్న మనిషి కనిపించాడు. ప్రవాసంలోని మిత్రుల పోరాటం ఫలించి, 1935 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతిని మరుసటి ఏడాది నవంబరులో ఆయనకు ప్రకటించారు. వద్దని చెప్పమని నాజీ నాయకుడు గోరింగ్ స్వయంగా ఒత్తిడి తెచ్చినా ఆయన లొంగలేదు. దాన్ని అందుకోవడానికి ఆస్లో వెళ్లేందుకు మాత్రం అనుమతి దొరకలేదు. 1938 మే 4న, నాజీ రహస్య పోలీసు గెస్టపో నిఘాలోనే, బెర్లిన్‌లో క్షయతో కన్నుమూశారు. అప్పటికి 48 ఏళ్లు.

ఆయన కుమార్తె ఆ పాత తీర్పును తిరగదోడమని అడిగితే, 1992లో ప్రజాస్వామ్య జర్మనీ కోర్టు కూడా కుదరదంది.

మేధావి వెనక సైన్యం ఉండదు, ఓట్ల మూట ఉండదు. ఏలేవాళ్లు దాచినదాన్ని జనానికి చెప్పడమే అతని పని. ఆ పని చేసినవాణ్ణి ప్రజాస్వామ్యమే శత్రువుగా చూస్తే, తనను కూల్చబోయేవాళ్లకు తానే దారి చదును చేసిపెట్టినట్టు. ఒసియెట్‌స్కీని జైల్లో పెట్టి తనను తాను కాపాడుకుంటున్నానని వైమార్ రిపబ్లిక్ అనుకుంది. ఆయనకన్నా ఐదేళ్ల ముందే అది చచ్చిపోయింది.