జంక్ పెట్టెలో చిక్కిన అసలు ఉత్తరం

చంద్రపూర్ జిల్లాలోని రాజురా, జివతి తాలూకాలు తెలంగాణ సరిహద్దున ఉన్నాయి. ఇక్కడి తెలుగు కుటుంబాలకు చదువులు, కొలువులు ఇరువైపులా ఉంటాయి. కళాశాల ప్రవేశ సమాచారం ముంబయి నుంచి రావచ్చు, ఉద్యోగపు పిలుపు హైదరాబాదు నుంచి రావచ్చు. ఒకప్పుడు పోస్ట్‌మన్ చేతికందించిన ఇటువంటి ఉత్తరాలు నేడు ఈ-మెయిల్‌లో వస్తున్నాయి. అవి ఇన్‌బాక్స్‌కు చేరక జంక్ పెట్టెలో పడితే, గడువు దాటేవరకు ఇంట్లో ఎవరికీ తెలియదు.

పొరపాటుకు కారణం

అయాచిత ఈ-మెయిల్‌కు తొలి ఉదాహరణగా 1978లో అమెరికాలోని ఆర్పానెట్ ద్వారా వందలాది మందికి ఒకేసారి పంపిన వ్యాపార ప్రకటనను పేర్కొంటారు. కాలక్రమంలో వీటి బెడద పెరగగా వడపోత సాఫ్ట్‌వేర్ అవసరమైంది. ఏ పదాలు అయాచిత ఉత్తరాలలో ఎక్కువగా కనిపిస్తాయో లెక్కగట్టే పద్ధతికి 2002లో పాల్ గ్రాహం వ్యాసం విస్తృత ప్రచారం కల్పించింది.

చిక్కు ఇక్కడే ఉంది. ప్రవేశ ప్రకటన కూడా వేలమందికి ఒకేసారి వెళుతుంది. అందులోనూ రుసుము, చివరి తేదీ, లింకు ఉంటాయి. కనుక వడపోత దానిని అనుమానిస్తుంది. పంపినవారి చిరునామా నిజమైనదని ధ్రువపరిచే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అనే ఏర్పాట్లను గూగుల్, యాహూ సంస్థలు 2024 ఫిబ్రవరి నుంచి భారీగా ఉత్తరాలు పంపేవారికి తప్పనిసరి చేశాయి. ఇవి సరిగా లేని సంస్థల ఉత్తరాలు జంక్‌లో పడే అవకాశం ఎక్కువ.

సరిదిద్దే విధానం

జీమెయిల్ వాడేవారు ఫోనులో ఎడమవైపు పైన ఉన్న మూడు గీతలను నొక్కి 'స్పామ్' పెట్టె తెరవాలి. అసలు ఉత్తరం కనిపిస్తే దానిని తెరిచి, కుడివైపు పైన ఉన్న మూడు చుక్కలలో 'రిపోర్ట్ నాట్ స్పామ్' ఎంచుకోవాలి. ఉత్తరం ఇన్‌బాక్స్‌కు వస్తుంది, వడపోత కూడా కొంత నేర్చుకుంటుంది. పిమ్మట ఆ చిరునామాను కాంటాక్ట్స్‌లో చేర్చుకోవడం మేలు. కంప్యూటరులోనైతే సెట్టింగ్స్‌లో ఫిల్టర్ సృష్టించి 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' అని గుర్తించవచ్చు. అవుట్‌లుక్‌లో 'నాట్ జంక్' నొక్కి, చిరునామాను 'సేఫ్ సెండర్స్' జాబితాలో చేర్చాలి.

తీసుకోవలసిన జాగ్రత్త

జంక్‌లో ఉన్నవాటిలో మోసపు ఉత్తరాలు కూడా ఉంటాయి. అందువల్ల పంపినవారి పేరును బట్టి నమ్మక, పూర్తి చిరునామా చదవాలి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాల చిరునామాలు సాధారణంగా 'జీఓవీ డాట్ ఐఎన్' లేదా 'ఎన్ఐసీ డాట్ ఐఎన్'తో ముగుస్తాయి. సందేహం ఉంటే లింకు నొక్కకుండా, ఆ సంస్థ వెబ్‌సైటును విడిగా తెరిచి విచారించాలి. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. డబ్బు పోయినట్లయితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

సేవా కేంద్రంలో దరఖాస్తు నింపించుకునేటప్పుడు అందులో రాసిన ఈ-మెయిల్ తమదేనా అని చూసుకోవడం కూడా ముఖ్యం. వేరొకరి చిరునామా ఇస్తే ఎంత వెదికినా ఉత్తరం తమ పెట్టెలో దొరకదు.

జీమెయిల్‌లో స్పామ్ పెట్టెకు చేరిన ఉత్తరం 30 రోజుల తరువాత దానంతటదే తొలగిపోతుంది. ఫలితాలు, ప్రవేశాల కాలంలో ప్రతిరోజూ, మిగిలిన రోజులలో వారానికొకసారి, సంతకు వెళ్ళే రోజునైనా సరే, ఆ పెట్టెను తెరిచి చూడడం శ్రేయస్కరం.