పిస్టల్‌కు మార్పులు చేయించాలా? ముందు గన్‌స్మిత్ సంగతి తేల్చుకోండి

ఆయుధ లైసెన్సు చేతికి రావాలంటే దరఖాస్తు, పోలీసు విచారణ, ఎదురుచూపులు తప్పవు. ఇంత చేసి కొన్న పిస్టల్ చేతిలో సరిగా ఇమడకపోయినా, తూటా మధ్యలో ఇరుక్కుంటున్నా యజమానికి వచ్చే మొదటి ఆలోచన ‘ఎవరికైనా చూపిద్దాం’ అనే. ఆ ‘ఎవరికైనా’ దగ్గరే చిక్కంతా ఉంది. బైక్‌ను ఏ మెకానిక్‌కు ఇచ్చినా పోయేది డబ్బు, కాస్త సమయం. పిస్టల్‌ను లైసెన్సు లేని మనిషి చేతిలో పెడితే ఇచ్చినవారూ తీసుకున్నవారూ ఇద్దరూ నేరం చేసినట్టే. భారతదేశంలో చిన్న పిస్టల్ యజమాని ఏ మార్పులు చేయించుకోవచ్చు, వేటి జోలికి పోకూడదు, నమ్మదగిన గన్‌స్మిత్‌ను ఎలా గుర్తించాలి అన్నది ఈ వ్యాసం.

మన దగ్గర చిన్న పిస్టల్ అంటే

అమెరికాలో కాంపాక్ట్ పిస్టల్ అనగానే 9 మి.మీ. రకాలు గుర్తొస్తాయి. మన ఆయుధ నిబంధనల ప్రకారం సైన్యం, పోలీసులు వాడే 9 మి.మీ. తూటా పేల్చగల పిస్టల్ సామాన్య పౌరులకు నిషేధిత వర్గంలోకి వస్తుంది. అందుకే ఆత్మరక్షణ కోసం లైసెన్సు తీసుకున్నవారి దగ్గర ఎక్కువగా కనిపించేది .32 బోర్, అంటే 7.65 మి.మీ. పిస్టల్ లేదా రివాల్వర్. వీటిని ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు దశాబ్దాలుగా తయారు చేస్తున్నాయి. 2021 అక్టోబరు 1న ఆ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా మార్చినప్పుడు చిన్న ఆయుధాల యూనిట్లు కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చాయి.

వీటితోపాటు తండ్రి, తాతల నుంచి వారసత్వంగా వచ్చిన విదేశీ పిస్టళ్లూ ఉన్నాయి. వ్యక్తులు విదేశాల నుంచి ఆయుధాలు తెచ్చుకోవడానికి 1980ల మధ్య నుంచి దాదాపు దారులు మూసుకుపోయాయి. పేరున్న షూటర్లకు మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి ఇప్పుడు ఇళ్లలో ఉన్న విదేశీ పిస్టళ్లలో చాలావాటి వయసు నలభై ఏళ్లు దాటింది. వాటికి కంపెనీ విడిభాగాలు దొరకడం కష్టం. స్ప్రింగ్ అయినా, ఫైరింగ్ పిన్ అయినా ఎవరో ఒకరు చేత్తో చేసి బిగించాల్సిందే. గన్‌స్మిత్ ఎవరన్న ప్రశ్నకు మన దగ్గర ఇంత బరువు ఉండటానికి ఇదొక కారణం.

చట్టం గీసిన గీతలు

1959 ఆయుధ చట్టంలోని సెక్షన్ 5 ప్రకారం తుపాకీని తయారు చేయడానికీ అమ్మడానికీ ఎలా లైసెన్సు కావాలో, మార్చడానికీ మరమ్మతు చేయడానికీ అలాగే కావాలి. మీ దగ్గరున్న లైసెన్సు ఆయుధాన్ని ఉంచుకోవడానికే తప్ప దాన్ని మార్చడానికి కాదు. 2019 సవరణ తర్వాత సెక్షన్ 5ను ఉల్లంఘిస్తే కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవ ఖైదు పడవచ్చు. బ్యారెల్ కురచ చేయడం, ఒక వర్గపు ఆయుధాన్ని మరో వర్గంలోకి మార్చడం సెక్షన్ 6 కిందికి వస్తాయి. లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే శిక్ష అంతే. .32 పిస్టల్‌కు 9 మి.మీ. బ్యారెల్ వేయిస్తానని ఎవరైనా అంటే వారు మిమ్మల్ని నేరుగా ఈ సెక్షన్‌లోకి నడిపిస్తున్నట్టే.

సైలెన్సర్ విషయంలో చాలామందికి అపోహ ఉంది. అది కేవలం అదనపు సామగ్రి అనుకుంటారు. శబ్దాన్ని, మంటను తగ్గించే పరికరాన్ని కూడా చట్టం ‘తుపాకీ’ నిర్వచనంలోనే చేర్చింది. ట్రిగ్గర్ నొక్కి ఉంచినంతసేపూ పేలుతూ ఉండేలా మార్చిన ఆయుధం నిషేధిత ఆయుధం.

అన్నిటికంటే తక్కువ మందికి తెలిసినది సెక్షన్ 8. తుపాకీ మీద ఉన్న తయారీదారు పేరు, నంబరు చెరపకూడదు, మార్చకూడదు. మీ దగ్గరున్న ఆయుధం మీద ఆ గుర్తులు చెరిగిపోయి ఉంటే, కాదని రుజువయ్యేదాకా మీరే చెరిపినట్టు భావిస్తారు. తుప్పు పట్టిన పాత పిస్టల్‌కు మెరుగు పెట్టించి, కొత్త పూత వేయించినప్పుడు పనివాడు గీకుడు చక్రాన్ని కాస్త ఎక్కువసేపు ఆనించాడనుకోండి, నంబరు లోతు పోతుంది. అతను చేసింది మెరుగే. దానికి సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మాత్రం మీరు.

పనికొచ్చే మార్పులు

చిన్న పిస్టల్‌తో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి లోపలి భాగాలు కదిలించక్కర్లేదు. పిడి సన్నగా ఉండి చేతిలో జారుతుంటే గ్రిప్ పలకలు మార్పించుకోవచ్చు. గురిచూసే సైట్లు అరిగినా, పక్కకు జరిగినా సరిచేయించుకోవచ్చు. ముందు సైట్ మీద తెల్ల చుక్క పెట్టిస్తే తక్కువ వెలుతురులో కనిపిస్తుంది. బలం తగ్గిన స్ప్రింగుల స్థానంలో అంతే బలమున్నవి వేయించడం, పూర్తిగా విప్పి శుభ్రం చేయించడం కూడా మేలు చేసేవే. వీటిలో ఏది చేయించినా లైసెన్సు ఉన్న చోటే చేయించాలి.

తూటా ఇరుక్కుంటోందంటే ముందు చూడాల్సింది మ్యాగజీన్‌ను. .32 ఏసీపీ తూటా అడుగు అంచు దాని ఒంటికన్నా కొద్దిగా బయటికి ఉంటుంది. మ్యాగజీన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే రెండూ పెనవేసుకుని కదలవు. అలాంటప్పుడు బ్యారెల్ ముఖాన్ని అరగదీసినా ఫలితం ఉండదు. తూటాలు సరిగా పేర్చుకోవడం, మ్యాగజీన్ పెదవులు వంగాయేమో చూడటం, స్ప్రింగ్ మార్చడం సరిపోవచ్చు. తూటా చూడకుండా, మ్యాగజీన్ అడగకుండా నేరుగా ఆకురాయి అందుకునే మనిషికి పిస్టల్ ఇవ్వకండి.

వద్దనుకోవాల్సినవి

.32 పిస్టళ్లలో ఎక్కువ భాగం బ్లోబ్యాక్ పద్ధతిలో పనిచేస్తాయి. పేలిన క్షణంలో బ్యారెల్ వెనుక భాగాన్ని గడియ వేసినట్టు పట్టి ఉంచే ఏర్పాటు వాటిలో ఉండదు. స్లైడ్ బరువు, రీకాయిల్ స్ప్రింగ్ బలం కలిసి ఆ ఒత్తిడిని ఆపుతాయి. స్లైడ్ లాగడం కష్టంగా ఉందని మెత్తటి స్ప్రింగ్ వేయిస్తే, అందం కోసం స్లైడ్‌కు గాళ్లు కోయిస్తే అది వెనక్కి మరింత వేగంగా కొట్టుకుంటుంది. కొంతకాలానికి ఫ్రేమ్‌లో పగుళ్లు వస్తాయి.

ఎక్కువమంది అడిగేది ట్రిగ్గర్ తేలిక చేయమని. క్రీడా షూటింగ్ చూసి ఈ కోరిక పుడుతుంది. హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ పారిస్ ఒలింపిక్స్‌లో పోటీపడిన 25 మీటర్ల పిస్టల్ విభాగంలో ట్రిగ్గర్ కనీస బరువు 1000 గ్రాములు. అయితే ఆ పిస్టల్ రేంజ్‌లో, అధికారుల కళ్ల ముందు, ఆదేశం వచ్చాకే లోడ్ అవుతుంది. నడుముకు కట్టుకునే పిస్టల్ అలా కాదు. కారు దిగేటప్పుడు, ఒరలో పెట్టేటప్పుడు బట్ట అంచు తగిలినా పేలకుండా ఉండాలంటే ట్రిగ్గర్‌కు ఆ బరువు ఉండాలి.

ఇందులో ఇంకో ప్రమాదమూ ఉంది. హ్యామర్‌ను పట్టి ఉంచే చిన్న కొక్కేన్ని సియర్ అంటారు. చాలా పిస్టళ్లలో దాని పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది. ట్రిగ్గర్ నునుపు కోసం ఆ పొరను దాటి అరగదీస్తే లోపలి మెత్తటి లోహం బయటపడుతుంది. మొదటి నెల ట్రిగ్గర్ హాయిగా ఉంటుంది. తర్వాత కొక్కెం అరిగి, చేయి జారి కిందపడినా పిస్టల్ పేలే స్థితికి వస్తుంది. సేఫ్టీ తీసేయించడం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

గన్‌స్మిత్‌ను ఎలా ఎంచుకోవాలి

మొదట కాగితం, తర్వాతే పనితనం. దుకాణంలో వేలాడదీసిన లైసెన్సు చదవండి. గడువు ఉందా, ఆ చిరునామాకే ఇచ్చారా, అమ్మకంతోపాటు మరమ్మతుకూ వర్తిస్తుందా అన్నవి చూడాలి. అనుమానం ఉంటే మీ లైసెన్సు రికార్డులు ఉండే చోటే, అంటే కమిషనరేట్ ఉన్న నగరాల్లో కమిషనర్ కార్యాలయంలో, మిగతా జిల్లాల్లో కలెక్టరేట్‌లో ఆయుధాల సెక్షన్‌ను అడగండి. ఎన్నికలప్పుడు మీరు ఆయుధం డిపాజిట్ చేసే డీలర్ ఉంటే అక్కడి నుంచే వెతకడం మొదలుపెట్టొచ్చు. ఆయన ఆయుధాలను ఎలా భద్రపరుస్తారో, రిజిస్టర్ ఎలా రాస్తారో మీరు ఇప్పటికే చూసి ఉంటారు.

మంచి పనివాడు ముందు ప్రశ్నలు అడుగుతాడు. ఎన్ని తూటాలు పేల్చారు, ఏ తూటా వాడుతున్నారు, ఇరుక్కోవడం ప్రతిసారీనా లేక చివరి తూటాకేనా అని ఆరా తీస్తాడు. మీ చేతిలోంచి పిస్టల్ తీసుకోగానే మ్యాగజీన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో తన కళ్లతో చూసుకుంటాడు. ఈ ఒక్క అలవాటు లేని మనిషి దగ్గర ఇంకేమీ పరీక్షించక్కర్లేదు. పని అయ్యాక ఎక్కడ, ఎలా పేల్చి చూస్తాడో అడగండి. తీసేసిన పాత భాగాన్ని తిరిగి ఇస్తాడా అన్నదీ అడగండి. ‘రసీదు ఎందుకు సార్, మన మధ్య’ అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు

పిస్టల్ ఖాళీ చేసి, తూటాలు విడిగా పెట్టి, అసలు లైసెన్సుతో మీరే వెళ్లండి. డ్రైవర్ చేతికో, బావమరిది చేతికో ఇచ్చి పంపకూడదు. హక్కు లేనివారికి ఆయుధం అప్పగించడం సెక్షన్ 29 కింద నేరం. వేరే రాష్ట్రంలోని గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాలనుకుంటే మీ లైసెన్సు ఎంతవరకు చెల్లుతుందో ముందే చూసుకోండి. సొంత రాష్ట్రానికే పరిమితమైన లైసెన్సుతో సరిహద్దు దాటకూడదు.

అప్పగించే ముందు నంబరు, ఇతర గుర్తులు స్పష్టంగా కనిపించేలా తేదీతో ఫొటోలు తీసుకోండి. రసీదులో తయారీదారు పేరు, బోర్, నంబరు, చేయాల్సిన పని, తేదీ ఉండాలి. తిరిగి తీసుకునేటప్పుడు నంబరు రసీదుతోనూ లైసెన్సుతోనూ సరిపోల్చండి. సేఫ్టీ, ట్రిగ్గర్, మ్యాగజీన్ పనితీరు అక్కడే ఖాళీ పిస్టల్‌తో చూసుకోండి. రసీదులు లైసెన్సు ఫైల్లోనే ఉంచితే రెన్యువల్ సమయంలో ఆయుధాన్ని చూపించాల్సి వచ్చినా మాట తడబడదు.

కొన్నిసార్లు నిజాయితీ గల గన్‌స్మిత్ ‘దీనికి ఏమీ చేయకండి’ అంటాడు. ఆ మాట విన్న తర్వాత కూడా పిస్టల్ చేతికి నప్పకపోతే చట్టబద్ధమైన దారి ఒకటుంది. లైసెన్సింగ్ అధికారి అనుమతితో దాన్ని డీలర్‌కు అమ్మి, చేతికి నప్పేది తీసుకోవచ్చు. దానికి కొన్ని వారాలు తిరగాల్సి రావచ్చు. తప్పుడు చేతిలో పెట్టిన పిస్టల్ వల్ల తిరగాల్సింది కోర్టుల చుట్టూ.